ఏడాది కావస్తున్నా మానని కాలి పుండు

ప్రశ్న: మా అమ్మకు 76 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా షుగర్, అంతకు ముందు నుంచే బీపీ ఉన్నాయి. రెండేళ్ల కిందట గుండె పంపింగ్ తగ్గిందన్నారు. క్రియాటినిన్ 1.6. పదకొండు నెలల కిందట ఎడమ కాలికి, చీలమండ లోపలివైపు కాస్త పైన చిన్న దెబ్బ తగిలింది. అదే పుండై ఇప్పుడు అరచేతిలో సగమంత అయింది. రసి కారుతూనే ఉంటుంది. చుట్టూ చర్మం నల్లబడి గట్టిపడింది. సాయంత్రానికి రెండు కాళ్లూ వాస్తాయి. ఎన్నో ఆయింట్‌మెంట్లు మార్చాం, మూడుసార్లు యాంటీబయాటిక్స్ వాడాం. సర్జన్‌గారు కాలికి గట్టి కట్టు కట్టాలన్నారు, గుండె డాక్టరుగారు వద్దన్నారు. కిడ్నీ డాక్టరుగారు ప్రొటీన్ తగ్గించమన్నారు, డ్రెస్సింగ్ చేసే నర్సు పెంచమంటున్నారు. ఆయాసం, మోకాళ్ల నొప్పుల వల్ల అమ్మ మంచం మీద పడుకోలేక కుర్చీలోనే నిద్రపోతోంది. షుగర్ కదా, చివరికి కాలు తీసేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. అసలు ఆ పుండు మీద ఏం రాస్తే మానుతుంది?

జవాబు: మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఏం రాసినా మానదు. పదకొండు నెలలుగా అందరూ పుండునే చూస్తున్నారు, పుండు ఉన్న కాలిని ఎవరూ చూసినట్టు లేదు. ఆ కాలికి రక్తం సరిగ్గా దిగుతోందా, దిగిన రక్తం సరిగ్గా పైకి వెళ్తోందా? ఈ రెండూ తేలకుండా ఎంత ఖరీదైన ఆయింట్‌మెంట్ రాసినా చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

మీరు రాసిన వివరాలు చూస్తే ఇది సిరల వల్ల వచ్చిన పుండులా ఉంది. కాళ్ల పుండ్లలో ఎక్కువ శాతం ఇవే. పాదాల్లోని రక్తం గుండెకు చేరాలంటే పైకి ఎక్కాలి. నడిచేటప్పుడు పిక్క కండరాలు సిరలను పిండి రక్తాన్ని పైకి నెడతాయి. అది మళ్లీ కిందికి జారకుండా సిరల్లో చిన్న కవాటాలు ఉంటాయి. ఆ కవాటాలు పాడైనా, నడక తగ్గి పిక్క కండరం పని మానేసినా రక్తం చీలమండ దగ్గర నిలిచిపోతుంది. ఆ ఒత్తిడికి నీరు, ఎర్ర కణాలు చర్మం కిందికి ఊరతాయి. కణాల్లోని ఇనుము అక్కడే మిగిలిపోయి చర్మాన్ని గోధుమ రంగుకో నలుపుకో తిప్పుతుంది, క్రమంగా చర్మం గట్టిపడుతుంది. అలాంటి చోట చిన్న దెబ్బ తగిలినా మానదు. చీలమండ లోపలివైపు, లోతు తక్కువ, అంచులు వంకరటింకర, రసి ఎక్కువ, చుట్టూ నలుపు అయితే అది దాదాపు ఈ రకమే.

కానీ అమ్మగారికి ఇరవై ఏళ్ల షుగర్ ఉంది కాబట్టి అక్కడితో ఆగడానికి లేదు. ధమనులు పూడుకుపోయి వచ్చే పుండు వేరే రకం. అది సాధారణంగా వేళ్ల చివర, మడమ మీద, చీలమండ బయటివైపు వస్తుంది. గుండ్రంగా, అంచు కోసినట్టు, పొడిగా ఉంటుంది. పాదం చల్లగా ఉంటుంది. కాలు పైకి పెడితే నొప్పి పెరుగుతుంది, కిందికి వేలాడదీస్తే తగ్గుతుంది. షుగర్ వల్ల స్పర్శ పోయి వచ్చేది అరికాలి మీద, ఒత్తిడి పడే చోట, చుట్టూ కాయకట్టి ఉంటుంది. నొప్పి ఉండదు కాబట్టి చాలా రోజులు ఎవరూ గమనించరు. పెద్దవాళ్లలో ఒకే కాలికి సిరల జబ్బు, ధమనుల జబ్బు రెండూ ఉండటం అరుదేమీ కాదు. అమ్మగారు కుర్చీ వదలకపోవడానికి ఆయాసం, మోకాళ్లే కారణమా, లేక కాలు కిందికి ఉంటేనే నొప్పి తగ్గుతోందా? ఈ ఒక్క మాట ఆవిడనే అడిగి, ఏం చెప్పారో రాసిపెట్టుకోండి. డాక్టరుకు అది చాలా పనికొస్తుంది.

తర్వాత చేయించాల్సింది ఏబీపీఐ అనే పరీక్ష. సూది అక్కర్లేదు. చేతికి బీపీ పట్టీ కట్టి, పెన్నులా ఉండే డాప్లర్ పరికరంతో నాడి చప్పుడు వింటూ పై బీపీ చూస్తారు. పుండు మీద పల్చటి ప్లాస్టిక్ పొర కప్పి, చీలమండ పైన కూడా అలాగే చూస్తారు. కాలి అంకెను చేతి అంకెతో భాగించాలి, అంతే. చేతికి 150, కాలికి 135 వస్తే 0.9. ఫలితం 0.8కీ 1.3కీ మధ్య ఉంటే మామూలుగా పూర్తి ఒత్తిడి కట్టు కట్టొచ్చు. 0.5 నుంచి 0.8 మధ్య ఉంటే ఒత్తిడి తగ్గించి, ఈ పని బాగా తెలిసినవారి పర్యవేక్షణలోనే కట్టాలి. 0.5 కంటే తక్కువుంటే కట్టు మాటే వద్దు, వెంటనే రక్తనాళాల సర్జన్ దగ్గరికి వెళ్లాలి.

ఇక్కడ మీకు ప్రత్యేకంగా చెప్పాల్సినవి రెండున్నాయి. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ధమనుల గోడలు సున్నం పేరుకుని గట్టిపడతాయి. పట్టీ ఎంత బిగించినా అవి నొక్కుకోవు కాబట్టి అంకె 1.3 దాటిపోతుంది, ఒక్కోసారి నార్మల్‌గానూ కనిపిస్తుంది. అంకె బాగుందని సంబరపడకుండా కాలి బొటనవేలి దగ్గర బీపీ కూడా చూడమని అడగండి. రెండోది, అమ్మగారు వెల్లకిలా పడుకోలేరన్న సంగతి ముందే చెప్పండి. కూర్చోబెట్టి తీస్తే కాలి అంకె ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తుంది. తల వైపు కాస్త ఎత్తు పెట్టి, కాళ్లు వీలైనంత గుండె ఎత్తులో ఉంచి తీయాలి. అదే రోజు సిరలకు డ్యూప్లెక్స్ స్కాన్ (రక్త ప్రవాహాన్ని చూపించే అల్ట్రాసౌండ్) కూడా చేయిస్తే ఏ కవాటం లీకవుతోందో తెలుస్తుంది.

ఇక ఆ కుర్చీ సంగతి. మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపింది ఆ ఒక్క వాక్యమే. రాత్రంతా కాళ్లు వేలాడేసి కూర్చుంటే ఇరవై నాలుగు గంటలూ చీలమండ మీద ఒత్తిడి తగ్గదు. మామూలు మనిషి కాళ్ల వాపు రాత్రి పడుకున్నాక దిగిపోయి పొద్దుటికి తేలికవుతుంది. అమ్మగారికి ఆ విరామమే లేదు. పొద్దున లేవగానే ఆవిడ పిక్క మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి చూడండి. సాయంత్రం పడినంత గుంటే పడితే, రాత్రి వల్ల కాలికి ఒరిగిందేమీ లేదన్నమాట.

ఆవిడ ఎందుకు పడుకోలేకపోతున్నారో కూడా చూడాలి. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తోందంటే గుండెకు వైద్యం సరిపోవడం లేదని అనుమానించాలి. గుండె డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు చాలామంది 'ఆయాసం పర్వాలేదండీ' అనేస్తారు. కుర్చీలో కూర్చుని ఉన్నంతసేపూ నిజంగానే పర్వాలేదు కాబట్టి ఆ మాట అబద్ధమూ కాదు. మీరు మాత్రం 'మూడు దిండ్లు వేసినా పడుకోలేకపోతోంది, ఇన్ని నెలలుగా కుర్చీలోనే నిద్ర' అని సూటిగా చెప్పండి. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి రాసిపెట్టండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగిందంటే అది ఒంట్లో చేరిన నీరే. మందులు సరిచేసి ఆయాసం తగ్గిస్తే ఆవిడ మంచం ఎక్కగలరు. మంచం ఎక్కితే కాలి వాపు దిగుతుంది. నా ఉద్దేశంలో ఈ పుండుకు సగం వైద్యం గుండె డాక్టరు గదిలోనే ఉంది. అప్పటిదాకా కనీసం కుర్చీ ముందు స్టూల్ వేసి, మెత్తటి దిండు మీద పిక్క ఆనేలా కాళ్లు చాపించండి. మడమకు ఒత్తిడి పడకూడదు, అక్కడ ఇంకో పుండు వస్తుంది. ఇలా చాపితే నొప్పి పెరుగుతోందంటే మానేసి, ఆ విషయం డాక్టరుకు చెప్పండి.

కట్టు విషయంలో సర్జన్ చెప్పిందీ నిజమే, గుండె డాక్టరు చెప్పిందీ నిజమే. సిరల పుండుకు అసలు మందు ఒత్తిడి కట్టే. చీలమండ దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల ఒత్తిడి (బీపీని కొలిచే పాదరసం కొలతలోనే), పైకి వెళ్లేకొద్దీ తగ్గుతూ, కాలి వేళ్ల మొదలు నుంచి మోకాలి కింది వరకు, మడమను వదలకుండా కట్టాలి. కానీ కాలిని అలా పిండినప్పుడు అక్కడున్న నీరంతా రక్తంలోకి వచ్చి గుండె మీద పడుతుంది. గుండె అప్పటికే తట్టుకోలేని స్థితిలో ఉంటే ఆయాసం ముదురుతుంది. కాబట్టి ఇది ఎవరి మాట నెగ్గాలన్న పంచాయితీ కాదు, ఏది ముందు ఏది తర్వాత అన్నదే. ముందు గుండె కుదుటపడాలి. తర్వాత ఒక్క కాలికే, తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టి, ఆయాసం, బరువు గమనిస్తూ మెల్లగా పెంచాలి. ఇద్దరు డాక్టర్లూ ఒకరితో ఒకరు ఫోన్‌లో ఐదు నిమిషాలు మాట్లాడుకుంటే తేలిపోయే విషయమిది. మాట్లాడమని అడగడానికి మొహమాటపడకండి.

ఇంట్లో ఉన్న క్రేప్ బ్యాండేజీ చుట్టి కట్టు అయిందనుకోవద్దు. అది సాయంత్రానికి వదులైపోతుంది. బిగించి కడితే మడతలు పడిన చోట తాడులా కోస్తుంది. నేర్చుకున్నవాళ్లు కట్టాలి, మీరూ వాళ్ల దగ్గర చూసి నేర్చుకోండి. షుగర్ వల్ల స్పర్శ తగ్గి ఉంటే బిగువైనా అమ్మగారికి నొప్పి తెలియదు. అందుకే వేళ్లు బయటికి కనిపించేలా కట్టించి, మొదటి రోజుల్లో గంట గంటకూ మీ కళ్లతో చూడండి. వేళ్లు నీలంగా, తెల్లగా, చల్లగా మారినా, కొత్తగా తిమ్మిరి మొదలైనా, ఆయాసం పెరిగినా కట్టు విప్పేయండి. డాక్టరు కోసం ఆగనక్కర్లేదు.

ఇప్పుడు ఆవిడ మందుల సంచీ మొత్తం టేబుల్ మీద పరవండి. కాళ్ల వాపును పెంచే మందులు అందులోనే ఉండొచ్చు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ చాలామందికి చీలమండల దగ్గర వాపు తెస్తుంది. షుగర్‌కు వాడే పయోగ్లిటజోన్ ఒంట్లో నీరు నిలుపుతుంది, గుండె బలహీనంగా ఉన్నవాళ్లు అసలు వాడకూడదు. కాళ్ల మంటలకు ఇచ్చే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ కూడా వాపు తెస్తాయి. మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడూ వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీని దెబ్బతీస్తాయి, నీటిని నిలుపుతాయి, గుండె జబ్బును ముదరబెడతాయి. ఈ ఒక్క రకాన్ని మాత్రం ఈ రోజే ఆపేయండి, నొప్పికి పారాసిటమాల్ ఎంత వాడొచ్చో డాక్టరును అడగండి. మిగతా ఏదీ మీ అంతట మీరు మానేయొద్దు, జాబితా చూపించి మార్పించండి. గుండె నొప్పికి నికోరాండిల్, రక్త జబ్బులకు హైడ్రాక్సీయూరియా వాడేవాళ్లలో అసలు పుండుకే ఆ మందు కారణం కావచ్చు. అవి సంచీలో కనిపిస్తే ప్రత్యేకంగా అడగండి. కాళ్లు వాచాయి కదా అని నీళ్ల మాత్ర మీరే పెంచడం కూడా వద్దు. సిరల వాపు దానితో పోదు, పైగా కిడ్నీ మీద భారం పడుతుంది.

డ్రెస్సింగ్ దగ్గర ఇళ్లలో ఎక్కువగా జరిగే నష్టం ఒకటుంది. గాజుగుడ్డ పుండుకు అంటుకుని ఎండిపోతుంది. మర్నాడు దాన్ని చర్రున లాగుతారు. రక్తం చిమ్ముతుంది, అమ్మ మూలుగుతుంది, 'చెడంతా పోయింది' అనుకుంటారు. పోయింది చెడు కాదు. అంచుల నుంచి వెంట్రుకవాసి మందాన పాకుతున్న కొత్త చర్మం ఆ గుడ్డతో పాటు ఊడి వస్తుంది. రోజూ ఇలా చేస్తే పుండు రోజూ కొత్తగా మొదలవుతుంది. గుడ్డ అంటుకుంటే సెలైన్ పోసి నానబెట్టి, దానంతట అది వదిలేదాకా ఆగండి. పుండుకు తగిలే పొర అంటుకోని రకమై ఉండాలి, దాని మీద రసిని పీల్చుకునే ఫోమ్ లాంటి మందపాటి పొర ఉండాలి. రసి తగిలి చుట్టూ చర్మం తెల్లగా నానిపోతుంటే అంచులకు జింక్ ఆక్సైడ్ గానీ పెట్రోలియం జెల్లీ గానీ పూయండి. నొప్పికి మాత్ర డ్రెస్సింగ్‌కు అరగంట, గంట ముందే ఇవ్వండి.

కడగడానికి సెలైన్ గానీ, మరిగించి చల్లార్చిన నీళ్లు గానీ చాలు. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూస్తే బాగా శుభ్రమవుతున్నట్టు అనిపిస్తుంది గానీ, స్పిరిట్ లాగే అదీ కొత్త కణాలను చంపుతుంది. ఆయింట్‌మెంట్లు తరచూ మార్చడం వల్ల ఇంకో చిక్కు వస్తుంది. ఎక్కువ కాలం కాలి పుండు ఉన్నవాళ్లకు పూతమందులు పడకపోవడం చాలా మామూలు, ముఖ్యంగా నియోమైసిన్ ఉన్నవి. పుండు చుట్టూ ఎర్రగా దురద పెడుతుంటే ఇన్ఫెక్షన్ అనుకునే ముందు రాస్తున్న మందును అనుమానించండి.

యాంటీబయాటిక్స్ మూడు కోర్సులూ ఎందుకు ఇచ్చారో మీరు రాయలేదు. ఇన్ని నెలల పుండులో క్రిములు లేకపోతేనే ఆశ్చర్యం. పైపైన తీసిన కల్చర్ రిపోర్టులో ఏదో ఒక క్రిమి పేరు వస్తుంది. ఆ పేరు ఒక్కటే చూసి మందు వాడకూడదు. చుట్టూ ఎరుపు, వేడి పాకుతున్నా, నొప్పి ఉన్నట్టుండి పెరిగినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా అప్పుడు కావాలి. పెద్దవాళ్లలో జ్వరం రాకపోవచ్చు. షుగర్ కారణం లేకుండా ఎగబాకడం, మనిషి మత్తుగా ఉండటం, మాట తడబడటం కూడా ఇన్ఫెక్షన్ గుర్తులే.

ప్రొటీన్ తగాదా కూడా కట్టు తగాదా లాంటిదే. పుండు మానడానికి ప్రొటీన్ కావాలి, రసితో కూడా రోజూ కొంత పోతోంది. దెబ్బతిన్న కిడ్నీకి ఎక్కువ ప్రొటీన్ భారం. క్రియాటినిన్ 1.6 అని ఒక్క అంకె చూసి తేల్చేది కాదిది. ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్), హిమోగ్లోబిన్, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పే అంకె) చూపించి, 'పుండు మానేదాకా రోజుకు ఎన్ని గ్రాములు' అని కిడ్నీ డాక్టరును అంకెలోనే అడగండి. 'తగ్గించండి' అన్న మాట విని ఇళ్లలో పూర్తిగా మాన్పించేస్తుంటారు, అది మరీ ప్రమాదం. కిడ్నీ జబ్బులో రక్తం తగ్గడం సాధారణం, దాన్నీ సరిచేయాలి. షుగర్ విషయంలో ఈ వయసులో, ఇన్ని జబ్బులతో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8 లోపు ఉంటే చాలు. 6.5కు దించాలని పట్టుబడితే షుగర్ పడిపోయి, తూలి పడి, తుంటి ఎముక విరుగుతుంది.

స్కాన్‌లో పైసిరలు (చర్మానికి దగ్గరగా ఉండే సిరలు) లీకవుతున్నాయని తేలితే లేజర్‌తోనో రేడియో ఫ్రీక్వెన్సీతోనో మూయవచ్చు. మత్తు ఆ చోటికే ఇస్తారు కాబట్టి వయసు, గుండె జబ్బు ఉన్నంత మాత్రాన కుదరదనుకోవద్దు. 2018లో బ్రిటన్‌లో 450 మంది మీద జరిగిన పరిశోధనలో, కట్టుతో పాటు సిరలను తొందరగా మూసినవాళ్లలో పుండు మానడానికి పట్టిన మధ్యస్థ కాలం 56 రోజులు, ఆలస్యం చేసినవాళ్లలో 82 రోజులు. అందులో తీసుకున్నవి ఆరు నెలల లోపు పుండ్లే కాబట్టి అమ్మగారికి అంత వేగం ఆశించలేం. కానీ పాత పుండ్ల విషయంలోనూ సిరలు సరిచేస్తే మళ్లీ రావడం తగ్గుతుంది.

వారానికోసారి, ఒకే రోజున, పుండు పక్కన స్కేలు పెట్టి ఫోన్‌లో ఫొటో తీయండి. పొడవు, వెడల్పు రాసుకోండి. సరైన వైద్యం మొదలయ్యాక నాలుగు వారాల్లో వైశాల్యం 40 శాతం దాకా తగ్గితే దారిలో పడ్డట్టే. అన్నీ సరిగ్గా చేస్తున్నా కదలిక లేకపోతే, లేదా అంచు లేచి కాలీఫ్లవర్‌లా పెరుగుతూ ముట్టుకుంటే రక్తం కారుతుంటే, ముక్క తీసి బయాప్సీ చేయించాలి. పాత పుండ్లలో అరుదుగా క్యాన్సర్ దాగి ఉంటుంది. పదకొండు నెలలైంది కాబట్టి ఆ మాట ఇప్పుడే సర్జన్ దగ్గర ఎత్తండి.

కాలు తీసేయడం గురించి అడిగారు. సిరల పుండు ఎంత పాతదైనా దాని వల్ల కాలు తీసే పరిస్థితి చాలా అరుదు. కాలికి ముప్పు తెచ్చేది ధమనుల పూడిక, షుగర్ పాదానికి పట్టే ఇన్ఫెక్షన్. అందుకే ఆ ఏబీపీఐ, బొటనవేలి బీపీ వాయిదా వేయొద్దంటున్నాను. వేలు నల్లబడినా, పాదం ఉన్నట్టుండి చల్లబడి తెల్లబోయినా, ఎరుపు గంటల్లో పాకుతూ చలిజ్వరం వచ్చినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లండి. ఉబ్బిన సిర చిట్లి రక్తం చిమ్మితే కంగారుపడి నడిపించొద్దు. పడుకోబెట్టి, కాలు ఎత్తి, గుడ్డతో గట్టిగా పది నిమిషాలు నొక్కి పట్టి, అప్పుడు బయల్దేరండి.

మొదట ఎవరి దగ్గరికి వెళ్లాలి అంటారా? గుండె డాక్టరు దగ్గరికి, ఈ వారమే, బరువు రాసిన కాగితం, మందుల జాబితాతో. తర్వాత రక్తనాళాల సర్జన్ దగ్గరికి. వీళ్లందరి మాటలనూ కలిపి చూసే ఫిజీషియన్ ఒకరిని ఎంచుకుని, ఏ కొత్త మందైనా ఆయనకో ఆవిడకో చూపించకుండా మొదలుపెట్టకండి. ఈలోగా అమ్మగారిని కూర్చున్న చోటే పాదం పైకీ కిందికీ ఆడించమనండి, గంటకోసారి పది పన్నెండు సార్లు. పిక్క కండరానికి మిగిలిన వ్యాయామం అదొక్కటే. పుండు మానాక కూడా ఒత్తిడి మేజోళ్లు రోజూ పొద్దున మంచం దిగకముందే వేయాలి. మూడు నుంచి ఆరు నెలలకు వాటి పట్టు పోతుంది, కొత్తవి తీసుకోవాలి.